నాలుగున్నర బస్సు: మా యూనివర్సిటీ వారోత్సవం మీద ఒక కేస్ స్టడీ

నెల్లూరు ఊరి బయట ఉన్న ఒక యూనివర్సిటీలో నేను కామర్స్ చెప్తాను. మూడేళ్లుగా సాంస్కృతిక కార్యక్రమాల కోఆర్డినేటర్ పని కూడా నాదే. ఏటా ఒక వారం పాటు ఉపన్యాసాలు, కళా ప్రదర్శనలు కలిపి జరుపుతాం. మొదటి ఏడాది అది దెబ్బతింది. రెండో ఏడాది నిలబడింది. మధ్యలో ఏం మార్చామో, మార్చినా ఏది కుదరలేదో రాసిపెడితే, ఇలాంటి బాధ్యత తీసుకున్న వేరే కాలేజీ వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి ఏడాది

నవంబర్ మూడో వారం పెట్టుకున్నాం. అది తప్పు. మన జిల్లాకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో ఎప్పుడు అల్పపీడనం పట్టినా మనకు తడిసే రోజులే. అనుకున్నట్టే మూడో రోజు నుంచి రెండు రోజులు స్కూళ్లకీ కాలేజీలకీ సెలవు ప్రకటించారు. వారంలో రెండు రోజులు అలా పోయాయి.

వానను తప్పు పట్టి ఊరుకోవచ్చు. కానీ మొదటి రోజు వాన లేదు. ఆ రోజే మా అసలు జబ్బు బయటపడింది.

పదకొండింటికి ప్రారంభం. దీపం వెలిగించడం, ప్రార్థనా గీతం, స్వాగతం. స్టేజి మీద తొమ్మిది మంది. తొమ్మిది మందికీ శాలువాలు, మెమెంటోలు, తలా నాలుగు మాటలు. ముఖ్య వక్త ముందు రోజు రాత్రి రైలెక్కి వచ్చిన పెద్దాయన. ఆయన చేతికి మైకు వచ్చేసరికి పన్నెండూ యాభై. ఒంటిగంటకి భోజనాలు. ఆయన జేబులోంచి నాలుగు కాగితాలు తీశారు, హాలు గడియారం వైపు చూశారు, కాగితాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. పన్నెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నారు. నేను స్టేజి పక్కన నిలబడి అదంతా చూశాను. ఆ కాగితాల్లో ఏముందో మా పిల్లలకి తెలియకుండా పోయింది.

సాయంత్రం ఐదున్నరకి పద్యనాటకం. కృష్ణరాయబారం ఘట్టం. కళాకారులు మధ్యాహ్నం మూడింటి నుంచే మేకప్ వేసుకున్నారు. తెర తీసేసరికి హాల్లో మహా అయితే నలభై మంది, అందరూ హాస్టల్ పిల్లలే. అయినా వాళ్లు ఒక్క పద్యం తగ్గించకుండా పాడారు. అయిపోయాక కృష్ణుడి వేషం వేసిన ఆయన కిరీటం ఒళ్లో పెట్టుకుని, "మీ కాలేజీలో పిల్లకాయలు లేరా సార్?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఉన్నారు. వెయ్యి మందికి పైగా ఉన్నారు. మరి వాళ్లంతా యాడికి పోయారు?

గేటు దగ్గర నిలబడితే తెలిసింది

వారోత్సవం అయిపోయాక మూడు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా మెయిన్ గేటు దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. నాలుగున్నరకి కాలేజీ బస్సులు కదులుతాయి. ఒకటి కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు. ఒకటి ముత్తుకూరు వైపు. పొదలకూరు, ఆత్మకూరు, కావలి వైపు వెళ్లేవి వేరు. అది తప్పితే ఆటో ఎక్కి బస్టాండుకి పోవాలి, అక్కడ ఆర్టీసీ బస్సు కోసం కాచుకోవాలి, పల్లెకి చేరేసరికి చీకటి. అమ్మాయిల విషయంలో చాలా ఇళ్లలో చీకటి పడేలోపు ఇంటికి రావాలన్నది మాట్లాడాల్సిన పని లేని రూలు. నాలుగూ నలభై ఐదుకి క్యాంపస్‌లో కాకులు, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

మేం కార్యక్రమాల్లో ముచ్చటైనవన్నీ ఐదు తర్వాత పెట్టాం. చూడాల్సినవాళ్లు నాలుగున్నరకే వెళ్లిపోయారు. అంతే సంగతి. పిల్లలకి కళల మీద ఆసక్తి లేదని స్టాఫ్ రూములో చాలా సేపు మాట్లాడుకున్నాం. అందులో నేనూ గొంతు కలిపాను. ఆ మాట అబద్ధం. వాళ్లకి లేనిది ఆసక్తి కాదు, బస్సు.

మార్చినవి

ముందు తేదీలు. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినం. 1952లో ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చిన రోజు అది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినం. 1928లో ఆ రోజే సి.వి.రామన్ తన కాంతి ప్రయోగ ఫలితాన్ని వెల్లడించారు. భాషతో మొదలై సైన్స్‌తో ముగిసే వారం మనకు క్యాలెండర్‌లో రెడీగా ఉంది. మధ్యలో ఆదివారం తీసేస్తే ఏడు పనిదినాలు. వానలు ఉండవు, ఎండలు ఇంకా ముదరవు, సంక్రాంతి హడావుడి అయిపోయి ఉంటుంది.

తర్వాత టైము. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉపన్యాసం, ప్రశ్నలు. ఒంటిగంటా ముప్పావు నుంచి నాలుగింటి దాకా ప్రదర్శన. నాలుగింటికి మైకు ఆపేయాలి. ఎవరు మాట్లాడుతున్నా సరే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: పొద్దున చెప్పిన విషయమే మధ్యాహ్నం కళ్ల ముందు జరగాలి. పొద్దున తిక్కన గురించి వింటే మధ్యాహ్నం భారతం పద్యమే వినాలి. ఇదివరకు పొద్దున బ్యాంకింగ్ సంస్కరణలు, మధ్యాహ్నం కూచిపూడి అన్నట్టు ఉండేది. రెండూ మంచివే. కానీ ఒకదానికొకటి ఏమీ చెప్పుకునేవి కావు.

సన్మానాల సంగతి తేల్చడానికి రెండు వారాలు పట్టింది. ప్రారంభం పావుగంట దాటకూడదని, శాలువాలన్నీ ఆఖరి రోజు ఒకేసారి అని ఆఫీసుకి నోట్ పెట్టాను. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని కొందరు భయపడ్డారు. మడిచిన నాలుగు కాగితాల కథ చెప్పాను. మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత సంతకం అయింది.

హాజరు తప్పనిసరి చేద్దామని ఒక సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. బలవంతాన నింపిన హాల్లో వక్త గొంతు కంటే కుర్చీల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. దానికి బదులు ఒక్కో విభాగానికి రెండేసి రోజులు పంచాం. ఆ రోజు క్లాసు మొత్తం తమ టీచర్‌తో వస్తుంది, టీచరూ పిల్లల పక్కనే కూర్చుంటారు. సిలబస్ పోతుందన్న గొడవ దాంతో సగానికి సగం తగ్గింది.

తిక్కన రోజు

పోయినేడు వచ్చిన పద్యనాటకం బృందాన్నే మళ్లీ పిలవాలని నేను పట్టుబట్టాను. వాళ్ల ఊరికి స్వయంగా వెళ్లాను. కృష్ణుడి వేషం ఆయన వెంటనే సరే అనలేదు. "పగలు పద్యం ఎక్కదు సార్" అన్నాడు. మాట నిజమే. రాత్రి, చీకటి, లైటు, దూరం నుంచి వచ్చే హార్మోనియం, వీటన్నిటి మధ్య పెరిగిన కళ అది. హాలు కిటికీలన్నిటికీ నల్ల గుడ్డ కట్టిస్తానని, ట్యూబులైట్లు ఆపి రెండు ఫోకస్ లైట్లు మాత్రం ఉంచుతానని మాటిచ్చాను. మేకప్ కోసం పొద్దున పది నుంచే ఒక గది, ఫ్యాను, అద్దం.

పొద్దున మాట్లాడింది రిటైరైన తెలుగు మాస్టారు. తిక్కన మన నెల్లూరులోనే, మనుమసిద్ధి కొలువులో, 13వ శతాబ్దంలో విరాటపర్వం మొదలు స్వర్గారోహణపర్వం దాకా 15 పర్వాలు తెలుగు చేశాడన్నది పిల్లలకి పరీక్షల కోసం తెలుసు. మాస్టారు అక్కడ ఆగలేదు. తిక్కన పాత్రలు ఎలా మాట్లాడతాయో చూపించారు. ఎవరికి కోపం వచ్చిందో కవి చెప్పడు, ఆ మనిషి మాటలోనే మనకు తెలిసిపోతుంది. ద్రౌపది మాట వేరు, భీముడి మాట వేరు, ధర్మరాజు మాట వేరు. పద్యం ఎత్తుకుని మధ్యలో ఆపి, "ఇప్పుడు ఈ మనిషి నిలబడి ఉన్నాడా, కూర్చుని ఉన్నాడా?" అని అడిగేవారు. పిల్లలు జవాబు చెప్పేవాళ్లు.

చివర్లో బీఎస్సీ కుర్రాడు ఒకడు లేచాడు. మనుమసిద్ధి రాజ్యం పోతే సాయం అడగడానికి తిక్కన ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి వెళ్లాడని చెప్తారు కదా. "అప్పుడు పెన్న మీద వంతెన లేదు గదా సార్, ఎట్ట దాటినాడు?" హాలు గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. ఏ నెలలో పెన్నకి నీళ్లు ఉంటాయి, ఏ నెలలో ఇసుక మీద నడిచి పోవచ్చు అని ఆ కుర్రాడినే అడిగారు. వాడిది పెన్న ఒడ్డు పల్లె. చెప్పాడు. నదిని చూసుకుని ప్రయాణం పెట్టుకునే కాలం అది అని మాస్టారు అక్కడి నుంచి ఇంకో పది నిమిషాలు మాట్లాడారు. ఆ పది నిమిషాలు ఏ కాగితంలోనూ లేవు.

మధ్యాహ్నం తెర తీసేసరికి హాల్లో కుర్చీలు చాలక కింద జంపఖానాలు పరిచాం. దుర్యోధనుడి సభలో కృష్ణుడు మొదటి పద్యం ఎత్తుకోగానే వెనక వరసలోంచి ఎవరో "కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. రాగం సాగదీసినప్పుడు ఒన్స్‌మోర్ అడిగారు. ఆయన మళ్లీ పాడాడు. పగలే పాడాడు.

సారా ఉద్యమం రోజు

ఈ రోజు గురించి ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది.

1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, పాఠంలో సారా గురించి చదివి, తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం జిల్లా అంతా పాకింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. తేదీలు ఇంతే. పొద్దున చరిత్ర విభాగం మేడమ్ ఇవి అరగంటలో చెప్పి, మిగతా టైమంతా ఆ రోజుల్లో ఉద్యమంలో నడిచిన ఇద్దరు పెద్దావిడలకి ఇచ్చేశారు.

స్టేజి మేం ఎక్కం అన్నారు వాళ్లు. కింద రెండు కుర్చీలు వేసి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాం. మైకు ఇస్తే పక్కన పెట్టేశారు. సారా బండి ఏ వేళకి వస్తుందో లెక్కపెట్టుకుని కట్ట వెనక కాచుకున్నది, చేతిలో చీపురు, కొంగులో కారప్పొడి, అంతా ఊళ్లో పెళ్లి ముచ్చట చెప్పినట్టు చెప్పారు. పిల్లలు నవ్వుతూ వింటున్నారు. ఉన్నట్టుండి అందులో ఒకావిడ, "మా కథ సరేలే అమ్మా. మీ ఊళ్లో మందు షాపు యాడుంది ఇప్పుడు?" అని అడిగింది.

ఒక్కొక్కరు చెప్పడం మొదలుపెట్టారు. బస్టాపు పక్కన. బస్టాపు ఎదురుగా. బస్టాపు నుంచి స్కూలుకి పోయే దారిలో. ఎనిమిది తొమ్మిది మంది చెప్పాక ఇంక ఎవరూ చేయి ఎత్తలేదు. నవ్వు ఆగిపోయింది. మా పిల్లలు రోజూ దిగే చోట్లన్నీ అవే.

మధ్యాహ్నం మా ఎన్ఎస్ఎస్ పిల్లల వీధినాటకం. నెల రోజులు ప్రాక్టీస్ చేశారు. ఆడవాళ్లు గెలిచి, డప్పు కొట్టి, అందరూ చేతులు పట్టుకోవడంతో అయిపోతుంది. భోజనాల దగ్గర ఆ పెద్దావిడ వాళ్లని కథ అడిగి తెలుసుకుంది. "గెలిచినాం, నిజమే. మళ్లీ వచ్చింది. అది గూడా చూపించండి" అంది. పిల్లలు అన్నం సగంలో వదిలేసి నాటకం ముగింపు మార్చుకున్నారు. చివర్లో డప్పు ఆగిపోయింది. ఒక అమ్మాయి కాలేజీ బ్యాగు వేసుకుని బస్సు దిగినట్టు వచ్చి, తలొంచుకుని షాపు దాటుకుంటూ వెళ్లింది. అక్కడే అయిపోయింది. ఇరవై నిమిషాల్లో చేసిన మార్పు. చప్పట్లు కొట్టడానికి కూడా అందరికీ కాసేపు పట్టింది. అప్పటికి టైము నాలుగయింది. మైకు ఆపాను, కానీ నాలుగున్నర దాకా ఒక్కరూ హాలు వదల్లేదు. తర్వాత బస్సుల కోసం పరుగెత్తారు.

కుదరనివి

ఉదయగిరి చెక్క స్పూన్ల రోజు మేం అనుకున్నట్టు జరగలేదు. భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఫలానా ఊరి పేరు ఆ ఊరి వస్తువుకే చెల్లాలని చట్టం ఇచ్చే గుర్తింపు, ఉన్న చేతిపని అది. నర్ది, కల్ది లాంటి అడవి చెక్కలతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. పొద్దున నేనే మాట్లాడాను. 1999 జీఐ చట్టం, పదేళ్లకోసారి రెన్యువల్, పేరు వాడుకునే హక్కు ఎవరిది, నకిలీ వస్తే ఏం చేయాలి, ఇలా. అది బాగానే నడిచింది. మధ్యాహ్నం కళాకారుణ్ణి స్టేజి మీద కూర్చోబెట్టడం నా పొరపాటు. ఆయన చేతిలో ఉన్నది బెత్తెడు చెక్క. రెండు వందల మందికి ఏం కనిపిస్తుంది? అరగంటకే సగం మంది ఫోన్లలో ఉన్నారు. ఆయన తల ఎత్తకుండా పని చేసుకుంటూనే ఉన్నాడు. నాకు చాలా బాధేసింది.

వెంటనే ఆపి, వరండాలోకి మార్చాం. పదిహేను మంది చొప్పున బ్యాచ్‌లు. దగ్గరగా కూర్చుంటే అంతా మారిపోయింది. చెక్క మీద గీత గీసుకోవడం, లోపల పల్లం తోడటం, ఆకురాయితో అంచులు నున్న చేయడం, పిల్లలు తమ చేత్తో చేసి చూశారు. చాలా స్పూన్లు విరిగాయి. ఒక స్పూను తయారవ్వాలంటే ఎంత సేపు పడుతుందో తెలిశాక, పక్కన అమ్మకానికి పెట్టిన బల్ల దగ్గర ఒక్కరు కూడా బేరం ఆడలేదు. చేతిపనులకి హాలు వద్దు, వరండా చాలు. ఈ ఒక్కటి రాసుకోండి.

సైన్స్ దినం గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే అది దాదాపు దానంతట అదే నడిచింది. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ 1971లో ఎగిరింది. మా పిల్లల్లో చాలామంది చిన్నప్పటి నుంచి మిద్దె ఎక్కి రాకెట్లు చూసినవాళ్లే. ఫిజిక్స్ మాస్టారు శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పారు. తూర్పున అంతా సముద్రం, భూమధ్యరేఖకి దగ్గర, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. సూళ్లూరుపేట అమ్మాయి ఒకతె, రాకెట్ ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత ఎప్పుడో వస్తుంది అంది. దూరం సుమారు ఇరవై మూడు కిలోమీటర్లు అనుకుందాం, ధ్వని సెకనుకి 340 మీటర్లు పోతుంది, లెక్కేయండి అన్నారు మాస్టారు. నిమిషం దాటి కొన్ని సెకన్లు. "అవును సార్, మా నాయనమ్మ అంతసేపు చెవులు మూసుకునే ఉంటది" అంది ఆ అమ్మాయి. మధ్యాహ్నం పిల్లలు తమ మిద్దె జ్ఞాపకాలు తలా ఒక పేజీ రాసి గోడపత్రిక కట్టారు. అది నెలన్నర పాటు లైబ్రరీ బయట ఉంది.

ఒక్క రాత్రి

తోలుబొమ్మలాట మాత్రం పగలు కుదరదు. నల్ల గుడ్డలతో తెచ్చుకున్న చీకటి దానికి చాలదని బృందం పెద్దాయన తేల్చి చెప్పాడు. కాబట్టి వారంలో ఒక్క సాయంత్రం మాత్రం రాత్రికి ఉంచుకున్నాం. ఆరూ ముప్పావుకి మొదలు, తొమ్మిదింటికి ముగింపు, తొమ్మిదిన్నరకి బస్సులు రెండో ట్రిప్పు. డ్రైవర్లకి ఓటీ, భోజనం. ప్రతి బస్సులో ఒక మేడమ్.

ఇంటింటికీ తెలుగులో ఉత్తరం పంపాం, ఎన్ని గంటలకి ఏ స్టాపులో దించుతామో రాసి. అయినా ఫోన్లు వచ్చాయి. పొదలకూరు వైపు నుంచి ఒక తండ్రి మూడుసార్లు చేశాడు.

"బస్సులో మేడమ్ కడదాకా ఉంటారా సార్?"

"ఉంటారన్నా. ఆఖరి పిల్ల దిగేదాకా ఉంటారు."

"మా స్టాపులో లైటు లేదు సార్."

"మీరు వచ్చేదాకా బస్సు కదలదు. నా మాట."

స్టాపులో లైటు లేకపోవడం మా ఉత్తరంలో లేని విషయం. అప్పుడు కూర్చుని ఏ స్టాపులో లైటు ఉంది, ఏది చీకటి అని పిల్లల్ని అడిగి లిస్టు రాసుకున్నాం. చీకటి స్టాపులన్నిటిలో ఇంటివాళ్లు వచ్చాకే దించాలని డ్రైవర్లకి చెప్పాం.

ఆ రాత్రి లంకాదహనం ఆడారు. తెర అంటే రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టినది. వెనక ఒక్క బల్బు. పూర్వం ఆముదం దీపాలు ఉండేవట. పదేసి మంది పిల్లల్ని తెర వెనక్కి కూడా పంపించాం. పెద్దాయనే ఒప్పుకున్నాడు. నేనూ వెళ్లాను. ముందు నుంచి చూస్తే రావణుడు నిలువెత్తు. వెనక నుంచి చూస్తే పల్చగా గీకిన మేకతోలు, దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, చిన్నచిన్న చిల్లులు. ఆ చిల్లుల్లోంచే నగలు మెరుస్తాయి. మాట లేని బొమ్మని ఈతముల్లుతో తెరకి గుచ్చి వదిలేశాడు. మాట ఉన్న బొమ్మ చేతిలో ఉంది. కాళ్ల కింద చెక్కలు. హనుమంతుడు దూకినప్పుడల్లా ఆయన చెక్కల్ని టకటకమని తొక్కుతున్నాడు. పాట, మాట, చేయి, కాలు, నాలుగూ ఒకేసారి. బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి మా క్యాంటీన్ టీ గురించి మాట్లాడేసరికి హాలు దద్దరిల్లింది. ఆ సంగతి వాళ్లకి మా పిల్లలే మధ్యాహ్నం చెప్పారట.

తొమ్మిదింటికి కాదు, తొమ్మిదింబావుకి అయిపోయింది. పొదలకూరు బస్సు మేడమ్ పదకొండు దాటాక ఫోన్ చేసి అందరూ దిగారని చెప్పేదాకా నేను ఆఫీసు రూములోనే కూర్చున్నాను. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

డబ్బు

మొదటి ఏడాది పద్యనాటకం వాళ్లకి పారితోషికం మూడు నెలల తర్వాత అందింది. పాన్ కార్డు లేదని ఒకసారి, బిల్లు ఫార్మాట్ లేదని ఒకసారి ఫైలు వెనక్కి వచ్చింది. వాళ్లలో చాలామంది వ్యవసాయ కూలీలు. మూడు నెలలు అంటే వాళ్లకి ఏమిటో కామర్స్ చెప్పే మనిషిగా నాకు తెలియాలి. రెండో ఏడాది ముందే నా పేరు మీద టెంపరరీ అడ్వాన్స్ తీసుకున్నాను. ఆట అయిన రోజే, వాళ్లు వ్యాను ఎక్కక ముందే డబ్బు చేతికిచ్చి, వోచర్ మీద సంతకం తీసుకున్నాను. ఐదు వేలు దాటిన ప్రతి రశీదుకీ రెవెన్యూ స్టాంపు కావాలి. ఒక షీటు ముందే కొని డ్రాయరులో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కడా దొరకదు.

మిగిలిన పని

కావలి, ఆత్మకూరు వైపు పిల్లలు రాత్రి ఆటకి రాలేకపోయారు. దూరం ఎక్కువ, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, ఇంట్లో ఒప్పుకోలేదు. వాళ్లది న్యాయమే. ఈసారి ఆత్మకూరు బస్సు డ్రైవర్‌తో ముందే మాట్లాడాను. ఎనిమిదిన్నరకి బయల్దేరితే తనకేం ఇబ్బంది లేదంటున్నాడు. అంటే ఆట ఎనిమిదీ ఇరవైకల్లా అయిపోవాలి. ఆరుంబావు తర్వాత కానీ చీకటి పడదు. లంకాదహనంలో ఏ ఘట్టం తగ్గించవచ్చో బొమ్మలాట పెద్దాయనని అడగాలి. రేపు ఆదివారం వాళ్ల ఊరికి వెళ్తున్నాను.